ఒక్క రాత్రి మంచు, ఒక్క పీపా వైను

యానాం అనగానే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ముందు గుర్తొచ్చేది సీసాలే. పన్ను తక్కువ, సరుకు చవక. అమలాపురం వాళ్ళయితే ఎదుర్లంక వంతెన దాటితే చాలు. ఏ పెళ్ళికి వెళ్ళినా "యానాం నుంచి వచ్చారు కదా, ఏం తెచ్చారేంటి?" అన్న వేళాకోళం మా ఇంటివాళ్ళకి మామూలే. మేము నవ్వి ఊరుకుంటాం.

ఈసారి రాస్తున్నది కూడా ఒక సీసా గురించే. కాకపోతే అది చవకదీ కాదు, మా ఊరిదీ కాదు. మా పెద్దతాతగారి మనవడు, మాకు అన్నయ్య వరస, ఫ్రాన్సులో దిజోన్ ఊళ్ళో ఉంటాడు. 1954లో యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి వచ్చేసినా, ఆ అప్పగింత ఒప్పందానికి పూర్తి ఆమోదం దొరికింది 1962 ఆగస్టు 16న. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలిచినవాళ్ళు ఆ తర్వాత ఆరు నెలల్లో రాసివ్వాలన్నారు. మా పెద్దతాతగారు రాసిచ్చారు. మా తాతగారు రాసివ్వలేదు. అలా ఒకే వాకిట్లో పెరిగిన అన్నదమ్ముల పిల్లలు రెండు దేశాలవాళ్ళయ్యారు.

ఆ అన్నయ్య మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పంచెల మధ్య చుట్టి ఒక ఎర్ర వైను సీసా తెచ్చాడు. పైన చీటీ మీద షాంబోల్-ముసిన్యీ అనే ఊరి పేరు, కింద 2016. తను ఏటా సెలవు పెట్టి ద్రాక్ష కోతలకి వెళ్ళే రైతు చేసిన వైనట. "ఆ ఏడు ఆ మడి కోత పొద్దున మొదలెట్టి కాఫీ వేళకి అయిపోయిందర్రా. మిగతా ఏళ్ళలో రెండు రోజులు పట్టేది," అన్నాడు. ఎందుకలా అని అడిగితే ఆ రాత్రంతా చెప్పాడు. విన్నాక మేము కూడా పుస్తకాలు తిరగేశాం. ఆ కథే ఇది. వైను రుచి గురించి మాకు తెలిసింది తక్కువ. భూమి గురించీ, ఒక్క రాత్రిలో పోయే పంట గురించీ అయితే గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకి కొంత తెలుసు.

కొండవాలు, సన్యాసులు

దిజోన్‌కి దక్షిణంగా సుమారు అరవై కిలోమీటర్ల పొడవున ఒక సన్నటి కొండవాలు ఉంది. దాన్ని కోట్ దోర్ అంటారు. ఎత్తయిన కొండేం కాదు, ఎక్కువగా తూర్పు ముఖంగా ఉండే సున్నపురాతి వాలు. పైన అడవి, కింద మైదానం, నడుమ ద్రాక్షతోటలు. బర్గండీ అని మనం వినే పేరుకి గుండెకాయ ఇదే. ఎర్ర వైనుకి పినో నువార్ అనే నల్ల ద్రాక్ష, తెల్ల వైనుకి షార్దొనే. గొప్ప వైన్లన్నీ దాదాపు ఈ రెండు రకాల ద్రాక్షతోనే.

ఇక్కడి తోటలకి ఒక రూపం తెచ్చింది క్రైస్తవ సన్యాసులు. 1098లో సీతో అనే చోట ఒక మఠం వెలిసింది. ఆ మఠంవాళ్ళకి దానాలుగా వచ్చిన భూముల్లో ద్రాక్ష వేశారు. క్లో ద వూజో అనే యాభై హెక్టార్ల తోట చుట్టూ రాతి గోడ కట్టారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. ఏ మడిలో నీరు నిలుస్తుంది, ఏ మడిలో పండు ముందు పండుతుంది, ఏ మడి వైను ఎక్కువేళ్ళు నిలుస్తుంది అని తరాల తరబడి చూసి, మడికో పేరు పెట్టి, హద్దులు గుర్తుంచుకున్నారు. ఇలా పేరూ హద్దూ ఉన్న మడిని అక్కడివాళ్ళు క్లిమా అంటారు. మన ఊళ్ళలో కూడా పొలానికి సర్వే నంబరు కాక, రావిచెట్టు చెక్క, చెరువుగట్టు మడి అని పేరుంటుంది కదా, అలాంటిదే. తేడా ఏమిటంటే, వాళ్ళ మడి పేరు సీసా మీదకి ఎక్కింది. 2015లో యునెస్కో ఈ క్లిమాలని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. కోటలకీ గుళ్ళకీ ఇచ్చే గుర్తింపు పొలం గట్లకి వచ్చిందన్నమాట.

రాజులూ చేయి పెట్టారు. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ ఒక ఆజ్ఞ వేశాడు. గామే అనే ద్రాక్ష విరగకాస్తుంది గానీ రుచి లేదు, దాన్ని పీకెయ్యమన్నాడు. పినో వెయ్యమన్నాడు. రైతుకి ఇది చిన్న మాట కాదు. పినో నువార్ తక్కువ కాస్తుంది, తోలు పలచన, తెగులుకి లోకువ, వసంతంలో తొందరపడి చిగురిస్తుంది. ఎక్కువ కాసే మొక్క తీసి నాజూకు మొక్క పెట్టమన్న ఆ ఆజ్ఞలోనే మంచు భయం కూడా కలిసి వచ్చింది.

పంపకాలు

1789 విప్లవం వచ్చాక చర్చి ఆస్తులన్నీ దేశం సొత్తయ్యాయి. క్లో ద వూజో 1791లో వేలానికి వెళ్ళింది. కొన్నాళ్ళు పెద్ద ఆసాముల చేతుల్లో ఒకే ముక్కగా ఉండి, 1889లో ముక్కలయింది. ఇప్పుడు ఆ ఒక్క గోడ లోపల ఎనభైమంది దాకా హక్కుదారులున్నారు. ఒకరివి కొన్ని వరుసలు, ఇంకొకరివి ఇంకొన్ని.

దీనికి తోడు 1804 నాటి నెపోలియన్ స్మృతి. తండ్రి ఆస్తి పిల్లలందరికీ సమానం అంది. కొడుకులకీ కూతుళ్ళకీ. ఆ స్మృతి మా యానాంలోనూ ఉండేది గానీ, ఇక్కడ హిందువులకి వారసత్వం, పెళ్ళి లాంటి వాటిలో వాళ్ళ ఆచార ధర్మమే చెల్లుతుందని ఫ్రెంచి పాలన ఒప్పుకుంది. 1881 తర్వాత ఆచార ధర్మం వదులుకుంటామని రాసిచ్చినవాళ్ళకి మాత్రమే ఫ్రెంచి స్మృతి పూర్తిగా వర్తించింది. అందుకే మా ఇంటి పంపకాలు కోనసీమ పంపకాల్లాగే జరిగాయి, ఆడపిల్లలకి పసుపు కుంకుమ కింద ఏదో ముట్టజెప్పి. ఈ సంగతి రాస్తుంటే మా మేనత్తలు పక్కనుంచి నవ్వారు. ఆ నవ్వులో అర్థం మాకు తెలుసు.

అలా రెండువందల ఏళ్ళ పంపకాల్లో కోట్ దోర్ రైతు పరిస్థితి ఏమయిందంటే, ఆరేడు హెక్టార్ల ఆసామికి కూడా అదంతా ఒకేచోట ఉండదు. ఈ ఊళ్ళో నాలుగు వరుసలు, పక్క ఊళ్ళో ఒక చెక్క, పైవాలులో ఒకటి, రోడ్డు పక్కన ఒకటి. పొద్దున్నే ట్రాక్టరు వేసుకుని ఊళ్ళు తిరగాలి. మామూలు రోజుల్లో అది పెద్ద తలనొప్పి. వడగళ్ళో మంచో పడ్డ ఏడు మాత్రం అదే ప్రాణరక్ష. ఒక మడి పోతే ఇంకో మడి మిగులుతుంది. మా తాతగారు మెరకలో ఒక చెక్కా లంకలో ఒక చెక్కా ఎందుకు ఉంచుకున్నారో, ఇది చదివాక మాకు బాగా అర్థమయింది. వరదకి లంక మునిగితే మెరక తిండి పెడుతుందని.

తెల్ల మంచు, నల్ల మంచు

మనకి మంచు అంటే ధనుర్మాసంలో ముగ్గుల వేళ కమ్ముకునే పొగమంచు. దానివల్ల ప్రాణం హాయిగా ఉంటుంది, మహా అయితే మామిడి పూత మాడుతుంది. బర్గండీ రైతు భయపడే మంచు వేరు. అది గడ్డకట్టే మంచు.

అందులో రెండు రకాలు. ఉత్తరం నుంచి చలిగాలి వచ్చి ఊరంతటినీ గడ్డకట్టిస్తే అది నల్ల మంచు. దానికి మెరకా పల్లమూ తేడా లేదు. రెండోది తెల్ల మంచు. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసుకుంటుంది. నేలని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీళ్ళలాగే వాలు దిగి పల్లంలో నిలుస్తుంది. అందుకే కోట్ దోర్‌లో కింద మైదానంలో ఉన్న తోటలకి మంచు దెబ్బ ఎక్కువ, నడివాలులో ఉన్న గొప్ప తోటలకి తక్కువ. సన్యాసులు నడివాలుకి పెద్ద పీట వెయ్యడంలో మట్టి ఒక కారణమైతే, ఇది ఇంకో కారణం.

చలికాలంలో నిద్రపోయే ద్రాక్ష మొక్క చాలా చలిని ఓర్చుకుంటుంది. 1709 లాంటి భీకర శీతాకాలాల్లో మాత్రం మొదళ్ళే చచ్చిపోయాయి. అసలు ప్రమాదం ఏప్రిల్‌లో. మొగ్గ విచ్చుకుని చిగురు బయటికి వచ్చాక, అది తడిగా కూడా ఉంటే, సున్నాకి రెండు డిగ్రీలు కిందకి దిగినా చాలు, మాడిపోతుంది. చిగురులోనే పూగుత్తి దాగి ఉంటుంది. చిగురు పోతే ఆ ఏటి పంట పోయినట్టే.

అయితే ప్రకృతి ఒక చిన్న ఏర్పాటు చేసింది. ప్రతి మొగ్గ పక్కనా ఇంకో మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. పెద్దది చస్తే అది లేస్తుంది. ఆకులు వేస్తుంది, మొక్కని బతికిస్తుంది. కాయలు మాత్రం కొద్దిగానో, అసలు లేకుండానో. ఇంటికి పెద్దకొడుకు పోతే చిన్నవాడు భుజం పట్టినట్టు.

బోన్ పట్టణంలో ద్రాక్ష కోత ఏ రోజు మొదలయిందో 1354 నుంచి లెక్క దొరుకుతోంది. చరిత్రకారులు పాత దస్తావేజులు వెతికి 2018 వరకు వరుసగా పేర్చి 2019లో ప్రచురించారు. ఆరువందల ఏళ్ళకి పైగా కోత సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేది. 1988 నుంచి అది సగటున 13 రోజులు ముందుకి జరిగింది. ఎండలు పెరిగాయి, పండు త్వరగా పండుతోంది. పండు త్వరగా పండాలంటే చిగురూ త్వరగా రావాలి. మార్చిలోనే వెచ్చబడి మొక్క మేలుకుంటోంది, ఏప్రిల్ మంచు మాత్రం తన వేళకి తాను వస్తూనే ఉంది. భూమి వేడెక్కుతున్న కాలంలో చలి దెబ్బ ఎందుకు పెరుగుతోందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మంచు ఏళ్ళలో పెద్ద కథ 1945ది. యుద్ధం ముగుస్తున్న వసంతంలో మంచు పడింది, వేసవిలో వడగళ్ళు పడ్డాయి. మిగిలిన కొద్ది పండూ అద్భుతంగా పండింది. వోన్ ఊళ్ళో రొమనే-కోంతి అని రెండు హెక్టార్లు కూడా లేని తోట ఉంది. ఫ్రాన్సు అంతటా ఫిలోక్సెరా పురుగు ద్రాక్ష వేళ్ళని తినేశాక, రైతులందరూ అమెరికా వేరు మీద అంటు కట్టుకున్నారు. ఈ తోటలో మాత్రం పాత వేళ్ళనే మందులతో నెట్టుకొచ్చారు. 1945లో ఆ ముసలి మొక్కలు 600 సీసాలకి సరిపడా మాత్రమే ఇచ్చాయి. ఆ మరుసటి ఏడు వాటిని పీకేశారు. మళ్ళీ 1952 వరకు ఆ తోట పేరుతో వైను లేదు. ఆ 600లో ఒక సీసా 2018లో న్యూయార్కు వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. ఆ ఏడు కష్టపడ్డ రైతు కూలీలకి అందులో ఒక్క దమ్మిడీ చేరదు. మంచు ఏడు విలువ కట్టేవాళ్ళు వేరు, మంచు ఏడు బతికేవాళ్ళు వేరు.

2016 ఏప్రిల్ 27

ఇక మా అన్నయ్య తెచ్చిన సీసా సంగతి.

కోట్ దోర్ రైతులు అప్పటికే అలిసిపోయి ఉన్నారు. వోల్నే, పొమ్మార్, బోన్ తోటల్ని 2012, 2013, 2014 వరసగా మూడేళ్ళు వడగళ్ళు కొట్టాయి. 2015 బాగా పండింది. హమ్మయ్య అనుకున్నారు. 2016 ఏప్రిల్ 26 సాయంత్రం తడి ఉంది. రాత్రి ఆకాశం తేటపడింది. చలి దిగింది. చిగుళ్ళ మీద ఉన్న తడి గడ్డకట్టింది. 27 బుధవారం పొద్దున్న సూర్యుడు నిర్మలంగా లేచాడు.

అదే కొంప ముంచింది. చిగురు మీద గడ్డకట్టిన నీటిబొట్టు భూతద్దంలా పనిచేసి లేత ఆకుని కాల్చేసిందని రైతులు చెబుతారు. నెమ్మదిగా కరిగి ఉంటే కొంత బతికేదేమో. తూర్పు ముఖంగా ఉండటం ఈ వాలుకి ఎనిమిది వందల ఏళ్ళుగా వరం. తొలి ఎండ తనకే దక్కుతుంది, పండు బాగా పండుతుంది. ఆ ఒక్క పొద్దున మాత్రం ఆ వరమే శాపమయింది.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఆ మంచు పల్లంలో ఆగలేదు. నడివాలుకి, పైవాలుకి ఎక్కింది. మంచు రాదని పేరున్న ముసిన్యీ, మోంరాషే లాంటి మహా తోటలకీ తగిలింది. మార్సనే, షాంబోల్, సావిన్యీ ఊళ్ళు బాగా దెబ్బతిన్నాయి. షాంబోల్ పక్కనే ఉన్న మొరే-సాఁ-దెనీ చాలావరకు బయటపడింది. వోన్‌లో చాలా మళ్ళు బతికాయి, దాన్ని ఆనుకున్న ఎషెజో తోటలు బాగా పోయాయి. గట్టుకి ఇటు పచ్చగా, అటు పొగాకు రంగులో. ఎవరు బాగా చేశారు, ఎవరు చెయ్యలేదు అన్న లెక్క అందులో ఏమీ లేదు.

మా అన్నయ్య ఆ ఆదివారం తోటకి వెళ్ళాడట. రైతు వరుసల మధ్య నిలబడి చిగురు వేళ్ళతో నలిపితే పొడి అయిపోయిందట. "ఏమన్నాడురా ఆయన?" అని మా మావయ్య అడిగారు. "ఏమీ అనలేదు మావయ్యా. పనిముట్లు తీసుకుని కింద చెక్కలో కలుపు తీయడానికి వెళ్ళాడు," అన్నాడు. మా మావయ్య ఆ మాటకి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక్క పీపా

మంచు పడ్డ ఏడు కష్టం ఏప్రిల్‌తో అయిపోదు. పంట లేని మొక్కకీ పంట ఉన్న మొక్కకి ఉన్నంత పనీ ఉంటుంది. ఇంకా ఎక్కువే. చచ్చిన చిగుళ్ళ పక్కనుంచి పిచ్చిపిచ్చిగా వచ్చే కొమ్మల్లో వచ్చే ఏటికి పనికొచ్చేవి ఏవో చూసి ఉంచాలి. 2016లో మే, జూన్ నెలలు వానలతో తడిసిపోయి బూజు తెగులు పట్టింది. మందు కొట్టింది కొట్టినట్టే ఉంది. కాయ లేని తోటకి మందు కొట్టడం ఎంత విసుగో రైతుకే తెలుసు. కానీ ఆకు పోతే మొక్క నీరసించి మరుసటి ఏడూ పోతుంది. జూలై నుంచి ఎండ నిలిచింది. మిగిలిన కాస్త పండూ సెప్టెంబరు చివరికి చక్కగా పండింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. బర్గండీ పీపా 228 లీటర్లు, అంటే మూడువందల సీసాలు. ఈ వాలులో పెద్ద ఎర్ర తోటలకి చట్టం ఒప్పుకునే దిగుబడి మామూలుగా హెక్టారుకి 35 హెక్టోలీటర్ల దరిదాపు, అంటే పదిహేను పీపాలు. మన అన్నయ్య వెళ్ళే రైతుకి ఆ మడిలో ఉన్నది హెక్టారులో మూడోవంతు. ఏటా నాలుగైదు పీపాలు వచ్చేవి. ఆ ఏడు ఒక్కటి వచ్చింది.

ఒక్క పీపా వైను చెయ్యడం నాలుగు పీపాలు చెయ్యడం కంటే కష్టం. పండు తక్కువైతే తొట్టిలో వేడి నిలవదు, పులియడం సరిగా సాగదు. చిన్న తొట్టి వెతుక్కోవాలి. కొత్త ఓక్ పీపాలో పోస్తే మొత్తం వైనుకి చెక్క వాసనే పడుతుంది. నాలుగు పీపాలుంటే ఒకటి కొత్తది, మూడు పాతవి పెట్టి చివర్లో కలుపుకోవచ్చు. ఒక్కటే అయితే ఆ అవకాశం లేదు. పైగా పీపాలోంచి వైను నెలనెలా కొద్దిగా ఆవిరవుతుంది. ఆ ఖాళీని అదే వైనుతో నింపకపోతే గాలి తగిలి పాడవుతుంది. నింపడానికి ఇంకో పీపా ఏదీ?

అందుకే ఆ ఏడు చాలామంది రైతుల ముందు ఒక ప్రశ్న నిలబడింది. మడి మడికీ విడిగా చెయ్యాలా, కలిపెయ్యాలా? చట్టం దారి చూపిస్తుంది. ఒకే ఊరిలోని మొదటి తరగతి మళ్ళ పండ్లని కలిపి, మడి పేరు తీసేసి, ఊరి పేరుతో మొదటి తరగతి వైనుగా అమ్ముకోవచ్చు. ఇంకా దిగి ఉత్త ఊరి పేరుతోనో, ప్రాంతం పేరుతోనో అమ్ముకోవచ్చు. పైకి ఎక్కడానికి మాత్రం వీల్లేదు.

కలపడం అంటే ఎనిమిది వందల ఏళ్ళుగా విడివిడిగా కాపాడుకున్న మడి పేరుని ఒక ఏటికి వదిలేసుకోవడం. కొందరు అదే చేశారు. అందులో తలవంపు లేదు, డబ్బు లెక్క, పని లెక్క చూసుకున్నారు. తెల్ల వైనులో దీనికి పెద్ద ఉదాహరణ మోంరాషే. అక్కడ ఏడు ఇళ్ళవాళ్ళు, అందులో రొమనే-కోంతి, లెఫ్లేవ్, లాఫోన్ లాంటి మహా పేర్లున్నాయి, ఎవరికి వాళ్ళకి పీపా నిండనంత తక్కువ వచ్చింది. ఏడుగురూ పండ్లు ఒకేచోట పోసి లెఫ్లేవ్ వాళ్ళ దగ్గర కలిపి చేసుకున్నారు. అంతా కలిసి 600 సీసాల దాకా వచ్చాయి. మామూలు ఏడయితే ఈ ఏడుగురూ ఒకరి గట్టు ఒకరు దాటనిచ్చేవాళ్ళా అన్నది వేరే మాట.

మా అన్నయ్య రైతు కలపలేదు. షాంబోల్‌లో తనకున్న రెండో మడి పండుతో కలిపితే రెండు పీపాలయ్యేది, పని సుళువయ్యేది. కానీ ఆ మడి వాళ్ళ అమ్మగారి వైపు నుంచి పంపకంలో వచ్చింది. అమ్మగారు పోయిన తర్వాత వచ్చిన మొదటి కోత అది. ఒక పాత పీపా కడిగి అందులో పోశాడు. ఖాళీ నింపడానికి కొద్ది వైను చిన్న గాజు కూజాల్లో దాచుకుని, నెలకోసారి చెంచాలెక్కన పోస్తూ పదహారు నెలలు కాపాడాడు. మూడువందల సీసాలు కాలేదు. అందులో ఒకటి కోతకి వచ్చిన యానాం కుర్రాడికి ఇచ్చాడు.

పొగ

మరుసటి ఏడు, 2017 ఏప్రిల్ ఆఖరి వారంలో మళ్ళీ మంచు భయం వచ్చింది. ఈసారి ఊళ్ళు నిద్రపోలేదు. రైతులు ఒకరికొకరు కబురు చేసుకుని, తోటల పక్కన తడి గడ్డి మోపులు పేర్చి, తెల్లవారుజామున నిప్పంటించారు. మంట కోసం కాదు, పొగ కోసం. కిందటేడు తొలి ఎండే చంపిందని తెలుసుకున్నారు కాబట్టి, ఎండకీ చిగురుకీ మధ్య పొగ తెర కట్టారు. కొండవాలంతా పొగ కమ్మింది. పొగకి గట్లు తెలియవు, నీ గడ్డి పొగ నా మడిని కాపాడుతుంది. ఆ ఏడు పంట నిలిచింది.

అన్నిసార్లూ పొగ చాలదు. 2021 ఏప్రిల్ మొదటి వారాంతం దాటాక వరసగా కొన్ని రాత్రులు ఫ్రాన్సు అంతటా చలి దిగింది. తోటల్లో వేలకొద్దీ పెద్ద మైనపు దీపాలు వెలిగించారు, హెక్టారుకి మూడు నాలుగు వందలు. దీపావళి లాగా ఉండే ఆ ఫొటోలు లోకమంతా చూసింది. ఆ దీపాల వెనక ఎంత ఖర్చు, ఎన్ని నిద్ర లేని రాత్రులు! ఉత్తరాన షాబ్లీలో ఇంకో పద్ధతి, నీళ్ళు చిమ్మడం. నీరు గడ్డకట్టేటప్పుడు కాస్త వేడి వదులుతుంది. చిగురు చుట్టూ మంచు పెంకు కడుతూ ఉంటే లోపల చిగురు సున్నా దగ్గరే నిలిచి బతుకుతుంది. మంచుని మంచుతోనే ఆపడం. 2021లో ముందుగా చిగురించే షార్దొనేకి దెబ్బ ఎక్కువ తగిలింది, పినోకి కొంత నయం. వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కవేసి, చిగురు వచ్చిన తర్వాత ఇలాంటి మంచు పడే అవకాశం మనుషులు చేసిన వేడివల్ల సుమారు 60 శాతం పెరిగిందన్నారు. ఇప్పుడు చాలామంది చలికాలపు కత్తిరింపు వీలైనంత ఆలస్యం చేస్తున్నారు. ఆలస్యంగా కత్తిరిస్తే మొక్క ఆలస్యంగా మేలుకుంటుంది. కొన్ని రోజులు. ఆ కొన్ని రోజులే పంట.

మా తోట

సంక్రాంతి మర్నాడు, కనుమ నాటి రాత్రి ఆ సీసా తీశాం. మా ఇంట్లో వైను గ్లాసులు లేవు, టీ గ్లాసుల్లో పోశాం. మా నాయనమ్మ ముట్టలేదు గానీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "నేరేడు పండు వాసనొస్తోందర్రా" అంది. తాగినవాళ్ళకి పలచగా, పుల్లగా, ఏదో ఎర్రపండు రుచిగా అనిపించింది. ఘాటు లేదు. "ఇంత కష్టానికి ఇంత పలచనా?" అన్నాడు మా తమ్ముడు. పినో నువార్ అంతేనట. పలచగా ఉండి కూడా చాలాసేపు నాలుక మీద నిలుస్తుంది. అది నిజమే.

అప్పుడు మా మావయ్య 1996 ఎత్తారు. నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడింది. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు నేలమీద వరసగా పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. గోదావరి అవతల మా తాతగారి తోటలో నిలిచినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. కొబ్బరి మళ్ళీ వేస్తే కాపుకి వచ్చేసరికి ఆరేడేళ్ళు. ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు ఉన్నాయి. 1998లో తోట అమ్మేశాం. కొన్నవాళ్ళు రొయ్యల చెరువులు తవ్వారు. మెరకలో ఉన్న చెక్క ఒక్కటి మిగిలింది, అందులోనే ఇప్పటికీ మా ఇల్లు.

"వాడికి ఒక్క పీపా వచ్చినా ఉంచుకున్నాడు. మనకి ఓ నలభై చెట్లు మిగిలితే అమ్మేశాం," అన్నారు మావయ్య. అమ్మింది ఆయనే, సంతకం ఆయనదే. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట మేము వినలేదు.

అన్నయ్య అడ్డుపడ్డాడు. "అలా అనకు మావయ్యా. ఆయనకి ఆరు ఊళ్ళలో మళ్ళున్నాయి, అవి ఆ ఏడు తిండి పెట్టాయి. ఒక్క మడే ఉంటే ఆయనా అమ్మేవాడు. అమ్మినవాళ్ళు అక్కడా ఉన్నారు." అది కూడా నిజమే. భూమిని పట్టుకుని ఉండటం అన్నది గుండె నిబ్బరం ఒక్కటే కాదు, ఇంకో చెక్క ఎక్కడో బతికి ఉండటం కూడా. మా తాతగారు మెరకలో ఉంచిన ఆ చెక్కే లేకపోతే ఈ కనుమ పండగ ఏ అద్దె ఇంట్లో జరిగేదో.

1839 నవంబరులో కోరంగి, యానాం మీదకి సముద్రం వచ్చి ఊరు తుడిచిపెట్టుకుపోయింది. అయినా యానాం ఉంది. 1945 తర్వాత రొమనే-కోంతి మొక్కలన్నీ పీకేశారు. అయినా ఆ తోట ఉంది. మా తోట లేదు. చరిత్ర రాసేటప్పుడు ఉన్నవాటి గురించే ఎక్కువ రాస్తాం. లేనిదాని పేరు కూడా ఒకసారి రాసి ఉంచుదామని మావయ్యని అడిగితే చెప్పారు. ఆ తోటని మా ఇంట్లో జంటతాళ్ళ తోట అనేవాళ్ళు, గట్టు మీద రెండు తాటిచెట్లు ఉండేవి కాబట్టి. తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ పడ్డా ఆ రెండు తాళ్ళూ పడలేదట. చెరువులు తవ్వినప్పుడు కొట్టేశారు.

ఖాళీ సీసా మా నాయనమ్మ కడిగి, కొబ్బరినూనె పోసుకోవడానికి దాచుకుంది. చీటీ మాత్రం మావయ్య నానబెట్టి ఊడదీసి, పాత దస్తావేజుల సంచిలో పెట్టారు.